ప్లాట్ అంటే ఇనుప రేకే అనుకున్నాను

డెబ్బైలలో ఒమన్‌లోని రైసూత్ రేవు పనికి వెళ్లాను. మా హాలండ్ ఫోర్‌మన్ "ప్లాట్" అన్నప్పుడల్లా ఇనుప రేకు అందించేవాణ్ణి. ఒకరోజు రేకులు వేసుకుని పడవలో వెళ్తున్నాం. చుక్కాని నా చేతిలో ఉంది. ముందు నిలబడ్డ ఫోర్‌మన్ "ప్లాట్, ప్లాట్" అని అరిచాడు. చుక్కాని వదిలి రేకు ఎత్తాను. పడవ ఇసుక మేటకు కొట్టుకుని ఒరిగింది. ఈత రాని నేను లోతులో పడ్డాను. వదిలేస్తే తిడతాడని రేకును పట్టుకునే మునిగాను. కాళ్లకు నేల తగల్లేదు. ఇక ఇల్లు చూడననుకున్నాను. తోటి పనివాడు, కడప యూసుఫ్, జుట్టు పట్టి పైకి లాగాడు.

ఫోర్‌మన్ నన్నే గాడిద అన్నాడు.

"వాళ్ల బాసలో ఇసుక మేట కూడా ప్లాటేనంటన్నా," అని నవ్వాడు యూసుఫ్.

"గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా?" అన్నాను.

మింగిన ఉప్పునీళ్లు ఆ రోజే కక్కేశాను. ఆ తిట్టు మాత్రం ఇప్పటికీ మింగుడుపడలేదు.