అంతా బాగుందని రాసిన దరఖాస్తు

ఎనిమిదో తరగతిలో నేను బడి మానేస్తే బడే ఊపిరి పీల్చుకుంది. అలాంటి నాకు మా న్యూ సెటిల్‌మెంట్ కాలనీ పిల్లల తెలుగు తరగతి కోసం ఓ ట్రస్టుకి గ్రాంటు దరఖాస్తు రాసే పని కాలనీవాళ్లు అప్పజెప్పారు. మాటకారిని కాబట్టి రాతకారిని కూడా అనుకున్నారు. గ్రాంటు రాకపోతే వానాకాలానికి తరగతి మూతే.

నాది కిరాణా కొట్టు. లోపల సరుకు తగ్గినా ముందు వరస డబ్బాలు నిండుగా కనబడేలా పెడతాం. దరఖాస్తు కూడా అలాగే నింపాను: గది బాగుంది, పిల్లలు బాగా వస్తున్నారు, ఏ లోటూ లేదు.

గడువు చివరి రోజు పొద్దున్న, పాఠాలు చెప్పే అక్క అది చదివింది.

"ఏటిరా ఇది? ఏ లోటూ లేకపోతే ఆళ్లెందుకు డబ్బులిస్తారు? గది కప్పులో కారే రేకులెన్నో రాయి. అవి మారిస్తే ఎంతమంది పిల్లలు తిరిగొస్తారో అదీ రాయి."

సాయంత్రంలోగా కాగితం ఇచ్చెయ్యాలి. ఆరు రేకులు కారుతున్నాయని, నలభై మందిలో పదకొండు మందే మిగిలారని రాస్తుంటే చెమటకి పెన్ను జారిపోయింది. ఇంత పాడైపోయాక ఇంకా ఎందుకు, మూసెయ్యండి అని వాళ్లంటే? ఆ మాట పిల్లలకి చెప్పాల్సింది నేనే. కవరు అంటించబోయి ఆగిపోయాను.

"అక్కా, రెండు జోకులు కలపనా? ఆళ్లు నవ్వితే నాకు భయం తగ్గుతాది."

"ఇన్నాళ్లూ అందర్నీ నవ్వించినావు కదరా. ఒక్కడైనా వచ్చి ఒక్క రేకు ఏసినాడా?"