మేనత్త పురుగులు, పెద్దసారు కప్ప

మా మేనత్తకు మనుషులంటే పెద్దగా గౌరవం ఉండేది కాదు. వ్యవసాయ కళాశాలలో పురుగుల గది అటెండరుగా ఇరవై ఆరేళ్లు పనిచేసింది. తోటలో నేలకు సమంగా ప్లాస్టిక్ గ్లాసులు పాతిపెట్టి, పొద్దున్నే వెళ్లి వాటిలో పడ్డ పెంకుపురుగులను ఏరుకొచ్చి పెంచడం ఆవిడ పని. వాటిలో ఒక రకాన్ని బాంబు పురుగు అనేది. దాన్ని వేలితో తాకితే చాలు, వెనకభాగం నుంచి టప్పుమని పొగలాంటిది చిమ్మేది. సలసల కాగే నీళ్లంత వేడి, కళ్లు మండించే ఘాటు. పడ్డచోట చర్మం గోధుమరంగుకు తిరిగి రోజుల తరబడి ఉండిపోయేది.

"వదినా, ఆ చేతులతో పిండి ముట్టుకోకు" అని మా అమ్మ మొత్తుకునేది.

"నీ వంట కంటే నా పురుగుల కంపే నయం" అనేది అత్త. మా నాన్ననైతే, ఇస్త్రీ చొక్కా తప్ప లోపల ఏమీ లేనివాడని ముఖం మీదే అనేసేది.

అత్త రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు ఆ విభాగానికి కొత్త అధిపతి వచ్చాడు. అందరూ పెద్దసారు అనేవారు. పురుగుల మీద రెండు పుస్తకాలు రాసిన మనిషి. పురుగు చేతిమీద పాకితే కెవ్వుమనేవాడు. వచ్చిన ప్రతి అతిథికీ బాంబు పురుగుల పెట్టె ఎత్తి గలగలా ఊపి చూపించేవాడు. పెన్నుతో పొడిచేవాడు. అవి చిమ్మితే, ఆ ప్రతాపం తనదే అయినట్టు ఛాతీ విరుచుకునేవాడు.

ఒకరోజు అవే పురుగులను ఒక బోదురుకప్పకు వేశాడు. కప్ప వరసగా పదకొండింటిని మింగి, ఇంకేవీ అన్నట్టు చూసింది. పెద్దసారు మొహం వెలిగిపోయింది. రసాయనం చిమ్మి ప్రాణం కాపాడుకుంటాయన్నది ఉత్త ప్రచారమేననీ, తాను రుజువు చేసేశాననీ ప్రకటించాడు.

అత్త ఊరుకోలేదు. "సార్, నిన్న సాయంత్రం దాకా మీరు పొడుస్తూనే ఉన్నారు. ఉన్నదంతా చిమ్మేశాయి. ఇంకేం మిగిలింది వాటి దగ్గర? నాలుగు రోజులు ముట్టుకోకుండా వదిలేసి, అప్పుడు వేసి చూడండి."

"నువ్వెంతవరకు చదివావమ్మా?"

"తొమ్మిది."

"అయితే వెళ్లి గ్లాసులు కడుక్కో."

పక్కనున్న లెక్చరర్లు నవ్వారు. ఆయన దగ్గినా నవ్వే రకం వాళ్లు.

ఆ పూట భోజనం దగ్గర, "నిండు డబ్బాకీ ఖాళీ డబ్బాకీ తేడా తెలీదు. వాడొక పండితుడు!" అంది అత్త. కానీ మా అమ్మ వంటకు ఒక్క వంకా పెట్టకుండా తినేసి లేచింది. ఆవిడకూ మాట తగులుతుందని నాకు అప్పుడే తెలిసింది.

నెల తిరక్కుండా, పెద్దసారు కనిపెట్టినదాన్ని చూడటానికి బయటి నుంచి ముగ్గురు శాస్త్రవేత్తలు వస్తున్నారని కబురొచ్చింది. పెట్టెలో మిగిలిన పురుగులు ఆయన పొడుపులకు అప్పటికే చచ్చాయి. అత్త కొత్తవి పట్టుకొచ్చింది. ఒక్కోదాన్ని విడి గ్లాసులో, తడిమట్టిలో ఉంచి ఐదురోజులు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. వాళ్లొచ్చిన ఉదయం చెప్పింది కూడా.

"సార్, ఇవి నిండుగా ఉన్నాయి. జాగ్రత్త."

"నిన్ను అడిగానా?" అన్నాడు పెద్దసారు.

ఆ ముగ్గురి ఎదుటా కప్ప నాలుక విసిరి పురుగును లాక్కుంది. నోట్లోనే టప్పుమంది. కప్ప గింజుకుంటూ, ముందుకాళ్లతో నోరు తుడుచుకుంటూ, దాన్ని కక్కేసింది. పురుగు జిగటలోంచి లేచి తన దారిన నడిచింది.

"ఈ కప్పకు ఒంట్లో బాగోలేదు" అంటూ పెద్దసారు, పరువు పోతుందన్న కంగారులో భయం కూడా మరిచి, ఉత్తచేత్తో పురుగును అందుకున్నాడు. మళ్లీ టప్పు. అరిచి ఊరుకున్నా పోయేది. ఆ వేళ్లతోనే కన్ను నులుముకున్నాడు.

అత్తే ఆయన మెడ వంచి కుళాయి కింద పెట్టి పావుగంట కన్ను కడిగింది. "కదలకండి! చిన్నపిల్లలు నయం" అని కసురుతూనే కడిగింది. కన్ను దక్కింది.

వచ్చినవాళ్లలో జుట్టు నెరిసిన ఒకావిడ కుళాయి దగ్గరకొచ్చి, "మరి ఇంతకుముందు పదకొండింటిని మింగిందన్నారే?" అని అడిగింది.

"అది... వాతావరణం" అన్నాడు పెద్దసారు తువ్వాలు చాటునుంచి.

ఆవిడ ఆయన్ని వదిలేసి అత్తవైపు తిరిగింది. అత్త పూసగుచ్చినట్టు చెప్పింది. లెక్చరర్లు ఈసారి బుద్ధిగా రాసుకున్నారు.

ఆరునెలలకు పెద్దసారు వ్యాసం అచ్చయింది. పురుగులకు విశ్రాంతి ఇస్తేనే పరీక్ష చెల్లుతుందని తాను గమనించాడట! అత్తకు చదివి వినిపిస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. "ఫిర్యాదు చేద్దామత్తా" అన్నాను.

"వాడి మీద కాగితం కూడా దండగ" అంది.

అత్త రిటైరయ్యాక, తన విద్యార్థులకు పని నేర్పమని ఆ నెరిసిన జుట్టావిడ పిలిపించుకుంది. అత్త మూడేళ్లు నేర్పింది, రోజూ తిడుతూనే. వాళ్లు అచ్చువేసిన వ్యాసంలో రాసినవాళ్ల వరసలో అత్త పేరు కూడా వేశారు. అత్త కళ్లజోడు పెట్టుకుని దాన్ని వేలితో తడిమింది.

"అందరి పేర్ల పక్కనా ఏవో అక్షరాలున్నాయి. నా పక్కన లేవేం?"

"అవి డిగ్రీలత్తా."

"పోనీలే. ఉంటే నన్నూ పెద్దసారు బాపతే అనుకునేవాళ్లు" అని, కాగితం జాగ్రత్తగా మడిచి బీరువాలో పెట్టుకుంది.