రెండు గేదెల సవరణ

తడిసిన షామియానా గుడ్డకు ఒక వాసన ఉంటుంది. బురద, ముతక నూలు, ఏ పెళ్ళిలోనో ఒలికిన సాంబారు, అన్నీ కలిసి వస్తాయి. ఈ సాయంత్రం అవనిగడ్డలో సభకు వేసిన పందిరి వానకు తడిసి ఓ పక్కకు ఒరిగింది. ఆ వాసన తగలగానే నాకు కరుణమ్మ గారు గుర్తుకొచ్చారు.

మచిలీపట్నంలో మా పత్రిక కార్యాలయానికి ఆవిడే పెద్ద. దివిసీమలో ఓ పల్లెటూరి పాస్టరు గారమ్మాయి. నేను చేరేనాటికే ఇరవై ఏళ్ళుగా జిల్లా రాజకీయాలు రాస్తున్నారు. ఎంత పెద్ద నాయకుడైనా ఆవిడను "అక్కా" అనేవాడు. ఆవిడ మాత్రం ఎవరినీ తమ్ముడూ అని పిలవలేదు. నేను ఘంటసాల నుంచి వచ్చిన కొత్త విలేకరిని. రాయడం వచ్చుననే పొగరు దండిగా ఉండేది.

అప్పట్లో మా విలేకరులందరికీ ఒక పాడు అలవాటు. నాయకుడి మనుషులు పొద్దున్నే ప్రసంగం కాపీ ఇచ్చేవారు. మేం సభ మొదలుకాకముందే వార్త పంపేసేవాళ్ళం. గుడివాడ సభకు నన్ను పంపినప్పుడు నేనూ అదే చేశాను. పామర్రులో టీ తాగుతూ "మండుటెండను లెక్కచేయక వేలాదిగా తరలివచ్చిన జనం" అని రాసి, అక్కడి నుంచే ఫ్యాక్స్ చేసి, బంధువులింటికి భోజనానికి వెళ్ళాను. మధ్యాహ్నం కుండపోతగా వాన పడింది. సభ ఎలాగోలా జరిగే ఉంటుందిలే అనుకున్నాను. రద్దయిన సంగతి మర్నాడు ఆఫీసుకు వెళ్ళాక తెలిసింది. అప్పటికే నా వార్త మొదటి పేజీలో ఉంది.

కరుణమ్మ గారు తిట్టలేదు. నన్ను బస్సెక్కించి గుడివాడ తీసుకెళ్ళారు. మైదానం నిండా నీళ్ళు. పందిరి వాళ్ళు తడి గుడ్డలు పిండుతున్నారు.

"జనం ఎక్కడయ్యా?" అన్నారు.

"లేరండీ."

"మరి ఏం కనపడుతోంది?"

"రెండు గేదెలండీ."

"అయితే అదే రాయి. నిన్న వేసిన చోటే, అంతే పెద్ద అక్షరాల్లో వేద్దాం."

ఆఫీసుకు తిరిగొచ్చేసరికి, సవరణ సంగతి ఎవరు చేరవేశారో గానీ, ఆ నాయకుడే ఫోన్ చేశాడు. నాకూ వినపడాలని ఆవిడ స్పీకర్ నొక్కారు.

"బ్రహ్మాండంగా రాశారక్కా. సభ జరిగినట్టే అయిపోయిందిగా. ఇంకా సవరణలూ అవీ ఎందుకండీ? మా ప్రకటనలన్నీ మీ పేపరుకేగా ఇస్తున్నాం."

"సముద్రం కరకట్ట పనులు సోమవారం మొదలెడతామని మీరన్నట్టు రాశామండీ. దివిసీమలో మా వాళ్ళు అది నమ్మి కూర్చున్నారు. వాళ్ళకేం చెప్పమంటారు?" అని ఫోన్ పెట్టేశారు.

యాజమాన్యం కూడా వద్దంది. అయినా ఆవిడ వేశారు. "సభ జరగలేదు. జనం రాలేదు. ఎండ లేదు. ఎవరూ ఏ హామీ ఇవ్వలేదు. మైదానంలో రెండు గేదెలున్నాయి. మా విలేకరి అక్కడికి వెళ్ళకుండానే రాశాడు." కింద నా పేరు లేదు. ఆవిడ పేరుంది.

వారం తిరక్కుండా ఆవిడను రాజకీయాల నుంచి తీసేసి వంటల పేజీకి మార్చారు. తప్పు నాది, శిక్ష ఆవిడకు. సిగ్గుతో చచ్చిపోయాను. రాజీనామా కాగితం పట్టుకెళ్తే చించి బుట్టలో వేశారు.

"నువ్వు కూడా పోతే వాళ్ళకు పండగ. ఇక్కడే ఉండి రాయి. కాకపోతే వెళ్ళి, చూసి రాయి."

"మీరు వంటలు రాయడమేంటండీ?"

"ఏం, రాయకూడదా? వండి చూశాకే రాస్తాను."

అన్నంత పనీ చేశారు. రిటైరయ్యేదాకా ప్రతి వంటకాన్నీ ఇంట్లో వండి, తిని చూశాకే అచ్చుకిచ్చారు. ఓసారి పైవాళ్ళ బంధువెవరో రాసి పంపిన పులుసు తయారీకి "చెప్పినట్టే చేశాం, బాగాలేదు" అని కింద అచ్చు వేయించారు. ఆవిడను వంచామని వాళ్ళు అనుకున్నారు. వంచలేకపోయారు. ఈ మాట నేనిప్పటికీ కోపంగానే చెబుతాను. ఆవిడ పోయి రెండేళ్ళయింది.

ఇప్పుడు కార్యాలయం పెద్దగా ఆవిడ పాత కుర్చీలో నేనున్నాను. ఇందాక డెస్కు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది.

"సార్, అవనిగడ్డ సభ నోట్ వాట్సాప్‌లో వచ్చిందండీ. జనసంద్రం అని ఉంది. పెట్టేయమని పైనుంచి అడుగుతున్నారు."

"ఆగమ్మా. నేనిక్కడే ఉన్నాను."

తడి పందిరి కింద నిలబడి ఫోన్‌లో రాశాను. ఐదున్నర దాటింది. నాయకుడు రాలేదు. కుర్చీల్లో వాన నీళ్ళున్నాయి. కింద నా పేరు పెట్టి పంపించాను. నన్ను ఏ పేజీకి మార్చుకుంటారో మార్చుకోనివ్వండి. నాకు వంట రాదు. నేర్చుకుంటాను.