నేను నమ్మిన పసుపు డిస్కు

మా బావ, అంటే మా అక్క భర్త, సరుకు ఓడల్లో ఇంజన్ రూములో పనిచేసేవాడు. ఏడాదిలో ఎక్కువ కాలం సముద్రం మీద, మిగతాది అనకాపల్లిలో. వచ్చినప్పుడల్లా ఎవరూ అడగని వస్తువు ఒకటి తెచ్చేవాడు. ఒకసారి మంచులో నడిచే బూట్లు తెచ్చి మా ఆయనకి ఇచ్చాడు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మా వీధిలోకి వస్తున్న ఆ ఏడు, సంచీ ఒకటి తెచ్చి మా వరండాలో బోర్లించాడు. మూడు ప్లాస్టిక్ డిస్కులు జారి పడ్డాయి. ఒకటి ఎర్రది, ఒకటి పసుపుది, ఒకటి నీలంది.

"ఏటివి బావా, పళ్ళేలా?" అని అడిగాను.

"పళ్ళేలు కావు మరదలా. ఆట."

ఓడ రిపేరుకొచ్చి ఏదో దేశం రేవులో నెలరోజులు ఆగిపోయిందట. రేవు పక్కనున్న పార్కులో అక్కడివాళ్ళు ఆడుతుంటే చూసి నేర్చుకున్నాడట. డిస్క్ గోల్ఫ్ అంటారట. గోల్ఫ్‌లో బంతిని గుంటలో వేసినట్టు ఇందులో డిస్కుని బుట్టలో వెయ్యాలి. బుట్ట అంటే ఒక స్తంభం, దాని చుట్టూ వేలాడే గొలుసులు, కింద తట్ట. దూరం నుంచి విసరాలి, పడ్డచోట నిలబడి మళ్ళీ విసరాలి. ఎవరు తక్కువ విసుర్లలో వేస్తే వాళ్ళు గెలిచినట్టు.

"ఈ ఎర్రది సూడు, అంచు పల్చగా కత్తిలా ఉంటాది. దూరం ఎలిపోడానికి. నీలంది అంచు మందం. దగ్గర్నుంచి బుట్టలో వెయ్యడానికి."

"మరి పసుపుదో?"

"అది మధ్యరకం. మిడ్‌రేంజ్ అంటారు. అంత దూరమూ పోదు, అలాగని దగ్గరకీ కాదు. సెట్టులో ఇచ్చేరు, తెచ్చేను" అన్నాడు, దాన్ని పక్కకి నెట్టేస్తూ.

నాకప్పుడు ముప్పై నాలుగేళ్ళు. ప్రైవేటు స్కూల్లో ఐదో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. ఇద్దరు ఆడపిల్లలు. చిన్నప్పుడు తొక్కుడుబిళ్ళ ఆడడమే, పెద్దమనిషినయ్యాక ఏ ఆటా ఆడింది లేదు. ఆ సాయంత్రం కూడా ఆడదామని వెళ్ళలేదు. అక్క, నేను, పిల్లలు టీ ఫ్లాస్కు పట్టుకుని చూడ్డానికి వెళ్ళాం. మా ఇంటి వెనక వీధి దాటితే చెరుకు కొట్టేసిన పొలం ఉండేది. అవతల కాలువ, ఆ కాలువ గట్టు మీద తుమ్మపాల ఫ్యాక్టరీకి పోయే చెరుకుబళ్ళు. బావా, మా ఆయనా వంతులు వేసుకుని ఎర్రదాన్నే విసురుతున్నారు. బావ విసిరితే అది కుడికి తిరిగి, మళ్ళీ ఎడమకి వంకర తిరిగి ఎంతో దూరం పోయేది. చూడ్డానికి భలేగా ఉండేది. మా ఆయన విసిరితే పది అడుగులకే ఎడమపక్కకి కూలిపోయేది.

"నువ్వూ వెయ్యి" అని అక్క నన్ను ముందుకి తోసింది.

ఎర్రది తీసుకుని విసిరాను. నా చేతిలోంచి బయటపడుతూనే ఎడమకి తిరిగి నేలని పొడిచింది. మళ్ళీ విసిరాను. మళ్ళీ అంతే. పిల్లలు నవ్వారు. ఎర్రది తేవడానికి మా ఆయన వెళ్ళినప్పుడు, చేతులు ఊరుకోక, గట్టు మీద పడున్న పసుపుది తీసి విసిరాను.

అది తిన్నగా వెళ్ళింది. ఎవరో గీత గీసిపెట్టినట్టు, ఛాతీ ఎత్తులో, వణక్కుండా. చివర్న ఎడమకి కొంచెం వాలి మెల్లగా నేల మీద కూర్చుంది. బావ డిస్కుతో పోలిస్తే సగం దూరం కూడా కాదు. కానీ నేను ఎక్కడికి చూశానో అక్కడే పడింది. నా చేత్తో చేసిన పని ఏదైనా అంత శుభ్రంగా వచ్చిందా అని అక్కడే నిలబడిపోయాను.

ఆ తర్వాత రోజూ తెల్లారకముందే లేచేదాన్ని. వంట ముగించి, పిల్లలు లేచేలోపు మా ఆయనతో పొలానికి వెళ్ళేదాన్ని. ఆయనకి గవరపాలెం రోడ్డులో సైకిళ్ళ షాపు. నాలాగే కొత్తదంటే సరదా. మూడు డిస్కులనీ పరీక్ష పెట్టాం. ఒక్కొక్కటీ ఒకేచోట నిలబడి, ఒకేలా, చాలాసార్లు విసిరాను. పడ్డచోటల్లా ఆయన చెరుకు మోడు గుచ్చేవారు. ఎర్రదానికి గుచ్చిన మోళ్ళు పొలమంతా చెల్లాచెదురుగా ఉన్నాయి. నీలంది తిన్నగానే వెళ్ళేది గానీ గాలి వీస్తే చాలు, గాలిపటంలా పైకి లేచిపోయేది. పసుపుదాని మోళ్ళన్నీ కలిపి ఒక నులకమంచం కింద పట్టేస్తాయి.

"ఇదే నీది" అన్నారు మా ఆయన.

నాకూ అదే అనిపించింది. కానీ అనిపించడం వేరు, నమ్మడం వేరు. అది ఆ ఆదివారం తెలిసింది.

చర్చి నుంచి వచ్చాక పొలంలో బావా నేనూ ఆడాం. చెట్లకి తెల్లగుడ్డ కట్టి, డిస్కు చెట్టుకి తగిలితే చాలనుకున్నాం. పసుపుదానితో ఒక్కొక్క చెట్టూ కొట్టుకుంటూ వెళ్ళాను. చివరి చెట్టు దగ్గరకొచ్చేసరికి నేనే ముందున్నాను. ఆ చెట్టు మాత్రం చాలా దూరం. బావ ఎర్రదాన్ని రివ్వున విసిరి ఇంచుమించు చెట్టు మొదట్లో పడేశాడు. ఈ మధ్యరకందాన్ని పట్టుకుని అంతదూరం ఎప్పటికి చేరతాననుకున్నాను. బావకన్నా రెండు విసుర్లు ఎక్కువ వేసినా నేనే గెలుస్తానన్న సంగతి కూడా తోచలేదు. ఎర్రది అడిగి తీసుకుని, ఉన్న బలమంతా పెట్టి విసిరాను. అది ఎడమకి తిరిగి, గట్టు దాటి కాలువలో పడింది. కాలువలో పడితే ఆట పోయినట్టేనని ముందే అనుకున్నాం.

బావ లుంగీ ఎగ్గట్టి కాలువలో దిగి డిస్కుని తీసుకొచ్చాడు. నీళ్ళు కారుతుండగా నా ముందు నిలబడి, "మధ్యదాన్ని మధ్యలో ఒగ్గీసేవేటి మరదలా? గెలిసేసేదానివి కదా" అన్నాడు.

వెక్కిరించాడో, జాలిపడ్డాడో తెలియదు. నాకు ఒళ్ళు మండింది. అతని మీద కాదు, అంతసేపు నా మాట విన్న డిస్కుని, ఒక్క విసురుకి బెదిరి వదిలేసినందుకు.

ఇంటికొస్తే మా అత్తగారు గుమ్మంలో ఉన్నారు. ఆవిడ చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. "ఇద్దరు పిల్లల తల్లివి. టీచరమ్మవి. మగాళ్ళ ముందు పళ్ళేలు ఇసురుకుంటే ఊరోళ్ళు ఏటనుకుంటారు?" అన్నారు. మర్నాడు తెల్లారకముందే మళ్ళీ పొలంలో ఉన్నాను.

ఏటా ఈస్టర్ మర్నాడు మా చర్చివాళ్ళందరం పిక్నిక్‌కి వెళ్ళేవాళ్ళం. ఆ ఏడు ఎలమంచిలి వెళ్ళే దారిలో సంఘ పెద్ద ఒకాయన జీడితోటలో పెట్టారు. బిర్యానీ డేగిసాలు, తాడు లాగే ఆట, మ్యూజికల్ చైర్స్ ఎప్పుడూ ఉండేవే. ఈసారి డిస్కులాట కూడా పెడదామని బావ మా అయ్యగారిని ఒప్పించాడు. మేం పాస్టరుగారిని అయ్యగారనే అంటాం. మా ఆయన షాపులో పడున్న పాత సైకిల్ రిమ్ముని ఇనప రాటకి బిగించి, చుట్టూ అరిగిపోయిన సైకిల్ గొలుసులు వేలాడదీసి, కింద వెదురు తట్ట కట్టారు. విసిరిన డిస్కు గొలుసులకి తగిలి తట్టలో పడాలి. ఆటకి పేర్లిచ్చినవాళ్ళు పదిమంది పైనే. ఆడవాళ్ళలో నేనొక్కదాన్నే.

ఇద్దరిద్దరికీ పోటీ. ఓడినవాళ్ళు వెళ్ళిపోతారు, గెలిచినవాళ్ళు ఉంటారు. మొదట నాకు ఎదురుపడింది రైల్వేలో పనిచేసే ఒక కుర్రాడు. క్రికెట్‌లో బౌలింగ్ చేసేవాడట. భుజం తిప్పి ఎర్రదాన్ని విసిరితే అది వెళ్ళి జీడికొమ్మల్లో ఇరుక్కుంది. నేను పసుపుదాన్ని చెట్ల మధ్య సందులోంచి పంపించాను. తర్వాతి ఆటల్లోనూ అంతే. వాళ్ళు దూరాలు విసిరారు, చెట్లలో వెతుక్కున్నారు. నేను తిన్నగా విసిరి, నడిచి వెళ్ళి తీసుకుని, మళ్ళీ తిన్నగా విసిరాను. తోటంతా రాలిన జీడిపళ్ళ వాసన. చీరకొంగు నడుముకి దోపుకున్నాను. చెమటకి జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది. నాకు అదేదీ పట్టలేదు.

చివరికి బావా నేనూ మిగిలాం.

జనమంతా బిర్యానీ వదిలేసి వచ్చారు. తోట చివర రెండు వరసల తాడిచెట్ల మధ్య పొడుగాటి దారి, ఆ చివర మా ఆయన చేసిన బుట్ట. ఎడమపక్క సరుగుడు తోట. మధ్యాహ్నం దాటేసరికి సముద్రం వైపునుంచి గాలి మొదలైంది, మా మొహాల మీదకే వీస్తోంది. బుట్టని చోటు మార్చుకుంటూ ఆడితే అంతవరకూ ఇద్దరం సమానం. ఈసారితో తేలిపోవాలి.

బావ ముందు విసిరాడు. ఎర్రది అందరి తలల మీంచి లేచి, కుడికి తిరిగి, ఎండలో మెరుస్తూ వెళ్ళింది. "ఓలమ్మో!" అని ఎవరో అరిచారు. అంత అందంగా వెళ్తున్నదాన్ని గాలి కింద నుంచి పట్టుకుంది. పైకి లేపి, ఎడమకి విరిచి, సరుగుడు తోటలోకి తీసుకెళ్ళి పడేసింది. బావ చెట్ల మధ్యకి వెళ్ళి డిస్కు వెతుక్కున్నాడు. ఒక విసురుతో దారి మీదకి వచ్చాడు, ఇంకో విసురుతో బుట్ట దగ్గరకి చేరాడు, నీలందాన్ని గొలుసుల్లో వేశాడు. మొత్తం నాలుగు.

ఇక నా వంతు. నేను మూడింటిలో వెయ్యాలి.

మా ఆయన దగ్గరకొచ్చి, "గాలి ఎదురుగా ఉంది. దూరం సాలదేమో. ఎర్రది ఇమ్మంటావా?" అన్నారు. నన్ను గెలిపించాలన్న ఆదుర్దాలో పొలంలో గుచ్చిన మోళ్ళన్నీ మరిచిపోయారు.

"వద్దు" అన్నాను.

గట్టిగా విసరాలని చెయ్యి పీకుతోంది. ఊపిరి వదిలాను. పొలంలో విసిరినట్టే, ఛాతీకి అడ్డంగా తెచ్చి, అంచు వాలకుండా వదిలాను. పసుపుది గాలి కిందుగా తాడిచెట్ల మధ్య నుంచి వెళ్ళి దారి మధ్యలో కూర్చుంది. సగం దూరం కూడా రాలేదని ఎవరో గొణిగారు. వెళ్ళి, పడ్డచోట రాయి పెట్టి, డిస్కు తీసుకుని మళ్ళీ విసిరాను. మళ్ళీ తిన్నగానే వెళ్ళింది. ఇప్పుడు బుట్టకీ నాకూ మధ్య ఒక బస్సు పట్టేంత దూరం.

"నీలంది! నీలంది తియ్యండి టీచరుగారూ!" అని జనం. బావ సంచీలోంచి నీలంది తీసి తనే తెచ్చి నాకు అందించాడు. "దగ్గరకి ఇదే మరదలా. నిజంగానే సెప్తన్నాను" అన్నాడు. అతని కళ్ళలో మోసం లేదు.

గాలి నా చెవుల్లో హోరుమంటోంది. నీలంది గాలికి లేస్తుందని నాకు తెలుసు. పసుపుది లేవదని కూడా తెలుసు. ఆ తెలియడం ఎవరో చెప్తే వచ్చింది కాదు. అన్ని ఉదయాల మంచులో నా చెయ్యి నేర్చుకున్నది.

"ఇదే ఏత్తాను బావా" అన్నాను.

గొలుసుల మధ్యనున్న రాటని చూశాను, అది తప్ప ఇంకేమీ చూడలేదు. వదిలాను.

ఆ చప్పుడు నాకిప్పటికీ గుర్తే. పాత సైకిల్ గొలుసులన్నీ ఒక్కసారి గలగలమన్నాయి, తర్వాత వెదురు తట్టలో డిస్కు ధబ్బున పడింది. క్షణంసేపు ఏమైందో నాకే అర్థం కాలేదు. మా అక్క అరుపుకి తెలిసింది. తన మొగుణ్ణి ఓడించానన్న ధ్యాసే లేకుండా, జుట్టుముడి ఊడిపోతున్నా పట్టించుకోకుండా పరిగెత్తుకొచ్చి నన్ను ఎత్తేసింది. బావ బుట్టలోంచి పసుపుదాన్ని తీసి నాకు అందించాడు. తర్వాత నా మణికట్టు పట్టుకుని చెయ్యి పైకెత్తి, "సూడండ్రా! ఓడల మీద తిరిగొచ్చిన నన్ను లెక్కల టీచరు కొట్టీసింది!" అని తోటంతా వినపడేలా అరిచాడు. నేను నవ్వుతూనే ఏడ్చేశాను.

మా అత్తగారు స్త్రీల సమాజం వాళ్ళందరి మధ్యా నిలబడి ఉన్నారు. ఏమంటారోనని చూశాను. ఆవిడ నా దగ్గరకొచ్చి, కొంగుతో నా మొహం మీద చెమట తుడిచారు. తర్వాత వెనక్కి తిరిగి, తెలియనివాళ్ళకి చెప్పినట్టు, "మా కోడలేనమ్మా" అన్నారు. అక్కడున్నవాళ్ళందరికీ నేనెవరో ఎప్పట్నుంచో తెలుసు.

అయ్యగారు బహుమతిగా స్టీలు క్యారేజీ ఇచ్చారు. దాన్ని మా చిన్నది లాక్కుని పోయింది. తిరిగి వెళ్ళడానికి ట్రాక్టర్లు వచ్చేదాకా ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, "ఓసారి మాకూ సూపించండి" అన్నారు. పసుపుదే ఇచ్చాను. మనవలున్న ఒకావిడ విసిరి, అది తిన్నగా వెళ్ళడం చూసి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్న నా కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవలేదు. పిల్లల జడలు మా ఆయన వేశారు. ఒకదానికి ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పిల్లలు ఏడుస్తూ స్కూలుకి బయల్దేరారు. వాళ్ళ వెనకాల నేను, బోర్డు మీద ఎడంచేత్తో లెక్కలు ఎలా వెయ్యాలా అనుకుంటూ, ఆపుకోలేని నవ్వుతో నడిచాను.