రిగ్గై నుంచి రుమైథియాకు, ఒక వెన్న పొట్లం కోసం

ఈ అరబ్బు దేశంలో రంజాన్ పండగ పూట నేను రిగ్గైలో బస్సెక్కడానికి కారణం ఒక గాడిద. రుమైథియాలో ఒక ఇంట్లో వంటచేసే జరీనా అక్క, మా రాయచోటి మనిషే, పొద్దున్నే ఫోన్ చేసింది. ఇంటి యజమానురాలిని ఇక్కడ మామా అంటారు.

"తమ్ముడూ, మామా ఇచ్చిన కొత్త వెన్న కాచి షీర్ ఖుర్మా చేసినా. పొట్లం మీద బుర్రో అని ఉండాది. అంటే గాడిదంట! ఈడ పనిచేసే ఫిలిప్పీన్ పిల్ల చెప్తాంది. గాడిదది మాకు హరాం. రిగ్గైలో మనోళ్లు ముప్పై మంది తినాల. నువ్వు డిగ్రీ సదివినోడివి, వచ్చి తేల్చు."

ఫోటో పంపమన్నాను.

"ఫోటోలో హలాల్ కనపడతాదా?" అంది.

తొమ్మిదిన్నరకు బస్సు. మాలియాలో మారాలి. చిల్లర చేతిలో ఉంచుకోండి, పండగ రోజు డ్రైవరుకు ఓపిక తక్కువ. దారిలో ఫోన్‌లో వెతికాను. ఇటలీలో బుర్రో అంటే వెన్న. గ్రీకుల 'ఆవు జున్ను' లాటిన్ మీదుగా అక్కడికి చేరి వెన్నయిందట. స్పెయిన్‌లో మాత్రం గాడిదే. అది పొట్టి గుర్రం పేరు నుంచి దిగింది. ఇంగ్లీషువాళ్లు స్పెయిన్ గాడిదనే తోలుకుపోయారు. రెండు మాటలకూ చుట్టరికం లేదు. ఇది చెబితే అక్క కుదుటపడుతుందని నాకు నమ్మకం కలగలేదు.

పక్కసీట్లో జగిత్యాల రాజన్న, సబ్హాన్ అనే చోట గోదాములో పని. అంతా విన్నాడు.

"గాడిద పాలు మా ఊర్ల పసిపోరలకు చెంచడు పోస్తరన్నా. ఇగ వెన్న దియ్యాలంటే ఎన్ని గాడిదలు గావాలె! ఏ షేకుతోని గాదు."

వంటింటి గుమ్మంలో అక్క పొట్లం కాగితం పట్టుకుని నిలబడి ఉంది. దేశం పేరున్న సగం చెత్తబండిలో వెళ్లిపోయింది. మిగిలిన సగం మీద అరబ్బీ చీటీ ఒకటి అంటించి ఉంది.

"దీని మీద ఏముందక్కా?"

"నాకేం తెలుసు?"

"రోజూ ఖురాన్ చదువుతావు కదా?"

"అది ఖురాన్ తమ్ముడూ. ఇది వెన్న."

అయినా తలమీద కొంగు సర్దుకుంది. వేలు పెట్టి, "జే... బే... దాల్..." అని ఆగింది. "జిబ్దా! వెన్నే! ఓర్నీ, వెన్న అయిపోయిందని దినామూ మామాతో 'జిబ్దా ఖలాస్' అనేది నేనే గదా!" కింది మాట మీదికి వేలు జరిగింది. "బఖర్... ఆవు! ఖురాన్‌లో రెండో సూరా పేరే గదా ఇది!"

ఫిలిప్పీన్ పిల్లను పిలిచి, ముందు ఒక గిన్నెడు ఆమెకే పెట్టింది.

అక్కకు సాయంత్రం దాకా సెలవు. మధ్యాహ్నం బస్సులో ఖుర్మా డబ్బా నా ఒళ్లో, కిటికీ ఆమెది. పదేళ్లకు పైగా ఈ దేశంలో అరబ్బీ మాట్లాడుతోంది, తిట్లతో సహా. అంగళ్ల బోర్డులు చదవడం మాత్రం ఇదే మొదలు.

"ఖ... య్యా... ఖయ్యాత్. దర్జీ అంగడి! సైదలియ్యా. మందులంగడి! ఇన్నాళ్లూ ఇవి ఇట్ల రాసిపెట్టుకున్యారా వీళ్లు?"

ఈ దారిలో చూడదగ్గవి ఏమీ లేవని ఇదివరకు అందరికీ చెప్పేవాణ్ణి. అక్క ఒక్క బోర్డూ వదల్లేదు. రిగ్గైలో మా స్టాపు వచ్చిందన్నాను. "ఇంకొక్కటి," అంది. స్టాపు దాటిపోయింది.

ఖుర్మా ఎక్కడిదాకా వచ్చిందని రూమ్‌లో ఎదురుచూస్తున్న మావాళ్ల నుంచి ఫోన్.

"చదువుకుంటున్నాం," అన్నాను.