పిట్ట దిగింది మాటకా, సబ్బుకా?

దయ్యాలను నేను నమ్మను. నమ్మితే నా ఉద్యోగం సాగేది కాదు. దవాఖానలో పనిచేసినన్నాళ్లూ ప్రాణం పోయినవాళ్ల కళ్లు మూసి, పక్క గదిలోకి పోయి చాయ్ తాగినదాన్ని. ఒక్కరూ లేచి వచ్చి నాకేమీ చెప్పలేదు. కానీ ఒక్క కాకి విషయంలో మాత్రం ఇన్నేళ్లయినా నాకు జవాబు దొరకలేదు.

నిజాం రాజు పాలన ఇంకా నడుస్తున్న రోజులు. మాది నకిరేకల్ దగ్గర ఊరు. మా నాయిన తల్లిని మేమంతా అవ్వ అనేవాళ్లం. చిన్న వయసులోనే భర్త పోతే, పిల్లలను ఊళ్లో అత్తగారి దగ్గర వదిలి, నల్లగొండలో ఒక మిషన్ దవాఖానలో ఊడ్చే పనికి చేరింది. ఊడుస్తూ ఊడుస్తూ కట్లు కట్టడం నేర్చుకుంది, తర్వాత కాన్పులు చేయడం నేర్చుకుంది. చివరికి తెల్లచీర కట్టి నర్సమ్మ అయింది. అప్పటినుంచి పండుగలకే కాక, ఊళ్లో కాన్పులకు కూడా వచ్చిపోయేది.

గత్తర, అదే కలరా, వచ్చిన ఏడాది సొంతవాళ్లే రోగులను వదిలి పొలాలకు పారిపోతే, అవ్వ ఊరికి వచ్చి ఇల్లిల్లూ తిరిగి వాంతులు ఎత్తిపోసింది, నీళ్లు కాచి తాగించింది. మా ఊళ్లో సగం మంది ఆమె చేతిలో పుట్టారు, మిగతా సగం ఆమె చేత తిట్లు తిన్నారు. తిట్లన్నీ ఒక్కదానికే. చేతులు కడుక్కోనందుకు.

ఎర్రటి దవాఖాన సబ్బు ఒకటి ఆమె కొంగున ఎప్పుడూ ఉండేది. ఊరికి వచ్చినప్పుడల్లా మేం అన్నానికి కూర్చునే ముందు అరచేతులు వాసన చూసేది. సబ్బు వాసన రాకపోతే బువ్వ లేదు. ఒకసారి పోలీసు అమీను సాబు మా ఊరికి వచ్చి పటేలు ఇంట్లో విందుకు కూర్చున్నాడు. ఆయన పేరు చెబితేనే ఊరు వణికేది. అవ్వ పోయి ఆయన చెయ్యి కూడా వాసన చూసింది. "లే సాబ్, కడుక్కొని రా పో" అంది. పటేలుకు చెమటలు పట్టాయి. అమీను సాబు లేచి, కడుక్కొని వచ్చి, తలవంచుకుని తిన్నాడు.

ఆమెకు లొంగనివాడు ఊళ్లో ఒక్కడే, మా నాయిన. తంబాకు అరచేతిలో నలిపి, అదే చేత్తో అన్నం కలుపుకునేవాడు. అవ్వ ఎంత తిడితే అంత నలిపేవాడు.

నాకు పెళ్లీడు వచ్చేసరికి అవ్వ నన్ను దవాఖానలో నర్సు పనికి పెట్టాలని డాక్టరమ్మతో మాట్లాడింది. నాకూ అదే ఆశ. నాయిన ససేమిరా అన్నాడు. మేనత్త కొడుక్కు ఇచ్చి చేస్తానన్నాడు. ఆ బావ మంచివాడే, కానీ నిలబడి కూడా నిద్రపోగలడు.

"మా ఇంట్ల ఒక్క నర్సమ్మ చాలు. చిన్నప్పుడు దర్వాజల కూసొని అమ్మ కోసం తొవ్వ చూసినోన్ని నేను. ఊరందరికి రోజూ తల్లే, నాకు మాత్రం పండుగకొక్కసారి తల్లి" అన్నాడు నాయిన.

అవ్వ నోరు మూసుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ చలికాలం అవ్వ జ్వరంతో ఊరికి వచ్చింది, మళ్లీ లేవలేదు. తులసి నీళ్లు నోట్లో పోయడానికి మా అమ్మ వస్తే, కళ్లు తెరవకుండానే "చేతులు కడిగినవానే?" అని అడిగింది. అవే ఆఖరి మాటలు. నేను ఏడ్చి ఏడ్చి, ఆమె కొంగున మిగిలిన సబ్బు ముక్కను నా కొంగున ముడి వేసుకున్నాను.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, ఊరి బయట విస్తరిలో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయిన మనిషికి కోరిక మిగిలినట్టు. అది ముట్టేదాకా ఇంటివాళ్లెవరూ తినకూడదు.

నాయిన విస్తరి పెట్టాడు. జొన్నరొట్టె, కోడికూర, పచ్చిపులుసు. చిన్నాయిన దాని పక్కన కల్లు ముంత పెట్టాడు. అవ్వ జన్మలో కల్లు తాగలేదు. అది చిన్నాయినకు ఇష్టం.

తుమ్మచెట్టు మీద ఒక కాకి కూర్చుని ఉంది. మిగతా కాకులన్నీ పక్క చేనులో తిరుగుతున్నాయి, ఒక్కటీ మా వైపు రాలేదు. ఇదీ రాలేదు. ఎండ నెత్తికెక్కింది. కడుపులు కాలుతున్నాయి. చిన్నాయిన దండం పెట్టి, "అమ్మా, నీ మేకను నేను సాదుకుంట" అన్నాడు. కాకి కదల్లేదు. "కోసుకోను" అని కూడా అన్నాడు. అయినా కదల్లేదు.

మేనత్త ముందుకు వచ్చింది. "అమ్మా, నీ మనుమరాలును నా కోడలుగ చేసుకుంటనే, ఫికర్ చెయ్యకు" అంది. కాకి లేచిపోయి దూరంగా ఇంకో చెట్టు మీద వాలింది.

అందరూ నాయిన వైపు చూశారు. ఆయన ఆకాశం వైపు చూశాడు. తంబాకు నలిపాడు. మా అమ్మ ఆకలికి కళ్లు తిరిగి కింద కూర్చుంది. అప్పుడు నాయిన ముక్కుతూ మూలుగుతూ, "సరే తియ్యి. పిల్లను దవాఖానకు పంపిస్త" అన్నాడు.

కాకి వచ్చింది. నేరుగా విస్తరి ముందు దిగింది. కానీ తినలేదు. తల పక్కకు వంచి నాయిన చేతుల వైపు చూస్తూ నిలబడింది.

"ఇంకేం గావాల్నే నీకు?" అన్నాడు నాయిన, ఏడుపు గొంతుతో.

నాకు చటుక్కున తట్టింది. పోయి ఆయన అరచెయ్యి వాసన చూశాను. గుప్పున తంబాకు. కొంగు ముడి విప్పి, అవ్వ సబ్బు ముక్క తీసి, కడవలో నీళ్లతో ఆయన చేతులు నేనే కడిగాను. చిన్నపిల్లవాడిలా చేతులు చాచి నిలబడ్డాడు. ఈసారి కొత్త విస్తరిలో కొత్తగా వడ్డించాడు. కాకి అంతసేపూ పోలేదు. ఆయన చెయ్యి తీయగానే రొట్టె ముక్క తుంచింది.

చిన్నాయిన అందరికంటే ముందు ఇంటికి పరుగెత్తాడు.

పదిమంది ముందు ఇచ్చిన మాట కనుక నాయిన నన్ను బొగ్గుతో నడిచే బస్సులో నల్లగొండకు తీసుకుపోయాడు. ఎత్తు వచ్చినప్పుడల్లా దిగి తోస్తూ, "అది సబ్బుకే ముట్టింది, మాటకు కాదు. కాకులు సబ్బు ముక్కలు ఎత్తుకపోతయ్, నువ్వు సూడలే?" అనేవాడు. నిజమే, ఎత్తుకుపోతాయి. కానీ మాట ఇచ్చాకనే కదా దిగింది అంటాను నేను. ఈ తగువు మా ఇద్దరి మధ్య ఆయన బతికినన్నాళ్లూ నడిచింది. నేను సెలవుకు ఇంటికి పోతే గుమ్మంలోనే, "సబ్బుకేనే" అని పలకరించేవాడు. ఎప్పుడు పోయినా ఆయన దర్వాజలోనే కూర్చుని ఉండేవాడు, ఆ మాట అనడానికి అన్నట్టు.

చాలా ఏళ్లకు నాయిన పోయాడు. మూడో రోజు అదే తుమ్మచెట్టు కింద, అందరం సబ్బుతో చేతులు కడుక్కుని విస్తరి పెట్టాం. పక్కన తంబాకు కూడా పెట్టాను. కాకి వచ్చి కొమ్మ మీద కూర్చుంది. దిగలేదు. ముసలివాడైపోయిన చిన్నాయిన ఎన్నో మాటలిచ్చాడు. దిగలేదు.

ఎందుకు అనిపించిందో తెలియదు, నేను ముందుకు పోయి చేతులు జోడించాను. "సబ్బుకే ముట్టింది నాయినా. మాటకు కాదు. నువ్వే గెలిచినవ్" అన్నాను.

కాకి దిగింది. ఎవరి చేతులూ చూడలేదు, ఆవురావురుమని తింది.

దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. మరి ఆ కాకి ఎందుకు దిగిందంటే చెప్పలేను. నాయిన ఉంటే ఏదో ఒక కారణం చెప్పేవాడు.