లారీ ముందు ఎలుగుబంటి

హాలిఫాక్స్‌లో అవతలి ఒడ్డుకు వెళ్ళే ఫెర్రీలో కూర్చుని మా అమ్మాయితో ఫోన్‌లో మాట్లాడుతున్నాను. ఇల్లు మారుతున్నాం కదా, దాని చిన్నప్పటి ఎలుగుబంటి బొమ్మను పొద్దున చెత్త సంచిలో వేసి రోడ్డు పక్కన పెట్టి వచ్చానని చెప్పాను. "ఇట్స్ ఫైన్ అమ్మా" అంది. అయ్యో, ఎందుకు పారేశావని ఒక్క మాటైనా అంటుందనుకున్నాను. అనలేదు.

ఫోన్ పెట్టేయగానే ఎదుటి సీట్లోని పెద్దాయన పలకరించారు.

"తెలుగువాళ్ళేనా అమ్మా? ఇక్కడికి రాకముందు, రిటైరయ్యేదాకా ఇంగ్లండ్‌లో చెత్త లారీ మీద పనిచేశాను. చెత్తలో వచ్చిన బొమ్మ బాగుంటే మాకు లారీ వెనక నలిపే మెషీన్‌లో వేయబుద్ధయ్యేది కాదు. లారీ ముందు కట్టేవాళ్ళం. వానొస్తే మాతోపాటు అవీ తడిసేవి."

"ఎందుకంకుల్?"

"ఊరికేనమ్మా. ఒకసారి ఒక పిల్ల తన బొమ్మను గుర్తుపట్టింది. విప్పి ఇస్తే, ఆ తడి బొమ్మనే గట్టిగా వాటేసుకుంది."

ఎలా కట్టేవారో చూపించడానికి మెడలోని మఫ్లర్ తీసి ఎదుటి కమ్మీకి ముడివేశారు. ఒడ్డు వచ్చేదాకా ఆ ముడి విప్పలేదు.

నేను దిగి, వెంటనే తిరుగు ఫెర్రీ ఎక్కాను. ఇంటికి చేరేసరికి రోడ్డు పక్కన సంచి లేదు.

ఇప్పుడు కొత్త ఇంట్లో ఉంటున్నాం. చెత్త ట్రక్ చప్పుడు వినిపిస్తే చేతిలో పని వదిలేసి కిటికీ దగ్గరికి వెళతాను. ఇక్కడివాళ్ళు అలా బొమ్మలు కట్టగా నేనెప్పుడూ చూడలేదు. అయినా ట్రక్ మలుపు తిరిగి వస్తుంటే, ముందు దాని ముందువైపే చూస్తాను.